సైన్యం విడిచిన లారీ: ఎంపిక, పోషణ

హోసూరు, డెంకణికోట కొండవాలులలోనూ, పర్లాకిమిడి పరిసర గ్రామాలలోనూ, సిరొంచ నదీతీరాలలోనూ తారురోడ్డు ముగిసిన చోటనే రైతు కష్టాలు ఆరంభమవుతాయి. తొలకరి పడిన మరునాటి నుండి మామూలు లారీ తోట వరకు రాదు. వచ్చినా వెనుక చక్రాలు బురదలో దిగబడి, ట్రాక్టరుతో లాగించుకొనవలసి వస్తుంది. అటువంటి దారులలో నాలుగు చక్రాలూ తిరిగే సైనిక లారీ నిరాటంకంగా సాగిపోతుంది. అందువల్లనే సైన్యం విడిచిన పాత లారీపై తోటల యజమానులకు, రాతి క్వారీల వారికి, కలప రవాణాదారులకు చాలకాలంగా మక్కువ ఉన్నది.

అయితే తక్కువ ధరకు వచ్చిందన్న సంతోషంతో కొన్న లారీ షెడ్డులోనే నిలిచిపోయి, కుటుంబపు పొదుపును మింగివేయడమూ ఉన్నది. ఈ నష్టానికి మూలం చాలావరకు ఇంజనులో ఉండదు. కొనుగోలుదారు అడుగవలసిన ప్రశ్నలు అడుగకపోవడంలో ఉంటుంది.

ఏయే లారీలు?

భారత సైన్యం తన వాహనాలను మూడు తరగతులుగా విభజించింది. ట్యాంకులు, కవచ వాహనాలు ‘ఎ’ తరగతి. రవాణా వాహనాలు ‘బి’ తరగతి. రోడ్డు నిర్మాణాదులకు వాడే యంత్రాలు ‘సి’ తరగతి. సామాన్యులు కొనే లారీలు ‘బి’ తరగతికి చెందినవి.

వీటిలో పేరెన్నిక గన్నది శక్తిమాన్. జర్మనీకి చెందిన మాన్ సంస్థతో కుదిరిన ఒప్పందం మేరకు 1959లో జబల్పూరులోని గన్ క్యారేజ్ ఫ్యాక్టరీలో దీని ఉత్పత్తి మొదలయింది. తరువాత అదే నగరంలో ప్రత్యేకంగా నెలకొల్పిన వెహికల్ ఫ్యాక్టరీకి ఆ పని మారింది. 1996లో శక్తిమాన్ ఉత్పత్తి ముగిసింది. అంటే నేడు కనిపించే ఏ శక్తిమాన్ అయినా ఇరవై అయిదేళ్లు దాటినదే. జబల్పూరులోనే తయారైన నిస్సాన్ ఒక టన్ను క్యారియర్, జోంగా అనేవి పెట్రోలు వాహనాలు. ఇంధనపు ఖర్చు దృష్ట్యా అవి సరుకు రవాణాకు అనుకూలం కావు.

శక్తిమాన్ స్థానాన్ని ఆక్రమించినవి రెండు. ఒకటి అశోక్ లేలాండ్ వారి స్టాలియన్, రెండవది టాటా వారి ఎల్.పి.టి.ఎ. 713. ఈ రెండింటి విడిభాగాలనూ జబల్పూరుకు తరలించి అక్కడ కూర్చి సైన్యానికి అందించారు. స్టాలియన్‌కు ఆరు సిలిండర్ల హినో తరహా డీజిల్ ఇంజను ఉంటుంది. అశోక్ లేలాండ్‌కు 1980 నుండి హోసూరులో కర్మాగారం ఉన్నందున, ఆ ఇంజనుల మరమ్మతు తెలిసిన మేస్త్రులు హోసూరు పరిసరాలలో సులభంగా దొరుకుతారు. ఇది చిన్న విషయం కాదు. లారీని ఎన్నుకొనేటప్పుడు మొదట చూడవలసినది లారీని కాదు, దానిని బాగుచేయగల మనిషి ఎంత దూరంలో ఉన్నాడన్నది.

బరువు లెక్కలో మెలకువ

సైనిక లారీ బరువును చెప్పే పద్ధతి వేరు. స్టాలియన్‌ను ‘5/7.5 టన్నుల’ లారీ అంటారు. రోడ్డులేని నేల మీద అయిదు టన్నులు, మంచి రోడ్డు మీద ఏడున్నర టన్నులు మోయగలదని దాని అర్థం. శక్తిమాన్‌ను మూడు టన్నుల లారీ అనడం రోడ్డులేని నేలను దృష్టిలో ఉంచుకొనియే. ఎల్.పి.టి.ఎ. 713 రెండున్నర టన్నుల శ్రేణికి చెందినది.

దృఢంగా కనిపిస్తున్నదని ఈ లారీలపై అధిక భారం వేయడం పెద్ద పొరపాటు. చాసిస్, కమాను కట్టలు ఓర్చుకొనినా, గేరుపెట్టె నుండి రెండు ఇరుసులకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు ఇరుసు లోపలి జాయింట్లు ఓర్చుకొనవు. వాటి మరమ్మతు ఖర్చు ఆ అధిక భారం వల్ల వచ్చిన కిరాయిని మించిపోతుంది.

కొనే మార్గాలు

మరమ్మతు ఖర్చు వాహనపు విలువకు తగినది కాదని తేలినప్పుడు సైన్యం దానిని సేవ నుండి తొలగిస్తుంది. అటువంటి వాహనాలు డిపోలలో లాట్లుగా ఏర్పడి వేలానికి వస్తాయి. 1964లో స్థాపితమైన ప్రభుత్వరంగ సంస్థ ఎం.ఎస్.టి.సి. ద్వారా ఈ వేలం అంతర్జాలంలో జరుగుతుంది. పూర్వం డిపో ఆవరణలో చేయెత్తి పాడిన పాట నేడు కంప్యూటరు తెర మీద సాగుతున్నది.

ఇక్కడ ముఖ్యమైన మార్పు ఒకటి జరిగింది. పదిహేనేళ్లు నిండిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్‌ను పొడిగించరాదని, వాటిని నమోదిత తుక్కు కేంద్రాల ద్వారానే తొలగించాలని కేంద్ర ప్రభుత్వం చేసిన నిబంధన 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. దేశరక్షణ, శాంతిభద్రతల కార్యకలాపాలకు వాడే కవచ వాహనాలకు, ఇతర ప్రత్యేక వాహనాలకు మినహాయింపు ఉన్నది. కనుక వేలానికి వచ్చిన ప్రతి లారీని మళ్లీ రోడ్డెక్కించవచ్చునని భావించరాదు. ఆ లాటు తిరిగి రిజిస్టరు చేసుకొనదగినదా, లేక తుక్కు కేంద్రాలకు మాత్రమే ఉద్దేశించినదా అన్నది వేలం షరతులలో చదివి తెలుసుకొనాలి. సందేహముంటే డిపో అధికారులను లిఖితపూర్వకంగా అడగాలి. ఈ ఒక్క ప్రశ్న అడుగనివాడు నడిచే లారీ ధర చెల్లించి ఇనుపసామాను కొనినవాడవుతాడు.

వేలంలో సరుకు ‘ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోటనే’ అనే షరతుపై అమ్ముడవుతుంది. తరువాత లోపం బయటపడినా అమ్మినవారికి బాధ్యత లేదు. ముందుగా ధరావతు కట్టాలి. పాట ఖాయమైన తరువాత గడువులోపల మిగతా సొమ్ము, పన్నులు చెల్లించి లారీని తరలించాలి. గడువు దాటితే నేల అద్దె పడుతుంది, ధరావతు పోయే ప్రమాదమూ ఉన్నది. తరచుగా అయిదారు వాహనాలు ఒకే లాటుగా ఉంటాయి. ఒక్క లారీ కావలసిన రైతుకు ఇది అనుకూలించదు.

రెండవ మార్గం, ఇప్పటికే పౌర రిజిస్ట్రేషన్ పొంది నడుస్తున్న లారీని దాని యజమాని నుండి కొనడం. ధర ఎక్కువే అయినా కాగితాల చిక్కు తక్కువ. మొదటిసారి కొనేవారికి ఈ మార్గమే క్షేమం.

కాగితాలు ముందు, లారీ తరువాత

రక్షణశాఖ వాహనాలు సైన్యపు ప్రత్యేక రిజిస్ట్రేషన్ కింద ఉంటాయి. వాటి సంఖ్యాఫలకం పైకి చూపే బాణంగుర్తుతో మొదలవుతుంది. బాణం తరువాతి రెండు అంకెలు ఆ వాహనం సైన్యంలో చేరిన సంవత్సరాన్ని తెలుపుతాయి. దళారి చెప్పిన వయస్సును ఈ అంకెలతో పోల్చి చూడవచ్చును.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 60వ సెక్షన్ ప్రకారం వాహనం రక్షణ అవసరాల నుండి తప్పుకొనగానే దానికి సాధారణ రిజిస్ట్రేషన్ నిబంధనలు వర్తిస్తాయి. అందుకు కావలసిన ప్రధానపత్రం ఫారం 21. కొత్త లారీకి డీలరు ఇచ్చే అమ్మకపు ధ్రువపత్రం ఇదే. సైనిక వేలంలో కొన్న లారీకి దీనిని రక్షణశాఖ అధికారి ఇస్తారు. ఫారం 20 దరఖాస్తుతో పాటు దీని అసలు ప్రతిని ఆర్.టి.ఓ. కార్యాలయంలో దాఖలు చేయాలి. నకలు చెల్లదు. ‘కాగితం పోయింది, సర్దుబాటు చేద్దాం’ అని చెప్పే అమ్మకందారును అక్కడే విడిచిపెట్టడం మేలు.

చాసిస్ మీద చెక్కిన సంఖ్య, ఇంజను సంఖ్య ఫారం 21లో ఉన్నవాటితో అక్షరం తప్పకుండా సరిపోవాలి. సైన్యంలో ఒక లారీ ఇంజనును మరొకదానికి మార్చడం మామూలే. ఆ మార్పు కాగితంలోకి ఎక్కినదా లేదా చూచుకొనాలి. చాసిస్ సంఖ్య మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకొని సొమ్ము చెల్లించక ముందే పోల్చి చూడడం ఉత్తమం.

రంగు విషయం పలువురు మరచిపోతారు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 121వ నియమం ప్రకారం రక్షణశాఖ వాహనాలు తప్ప మరే వాహనానికీ ఆలివ్ ఆకుపచ్చ రంగు ఉండరాదు. మురిపెంగా ఆ రంగునే ఉంచుకొంటే ఎఫ్.సి. దొరకదు సరికదా, తనిఖీలలో అనుమానానికి కారణమవుతుంది.

సరిహద్దువాసులకు మరొక చిక్కు ఉన్నది. తోట ఒక రాష్ట్రంలో, సంత మరొక రాష్ట్రంలో ఉండడం ఇక్కడ సహజం. యజమాని నివాసమో, వ్యాపారస్థలమో, వాహనాన్ని ఉంచే చోటో ఏ కార్యాలయం పరిధిలో ఉన్నదో ఆ రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ చేయించాలి. సరుకుతో పొరుగు రాష్ట్రంలోకి వెళ్లాలంటే తగిన పర్మిట్టు, అక్కడి పన్ను అవసరం. పాత లారీలకు జాతీయ పర్మిట్టు ఇవ్వడంలో వయోపరిమితి ఉన్నది. ఎనిమిదేళ్లు దాటిన సరుకు వాహనానికి ఏటేటా ఎఫ్.సి. చేయించాలి. పదిహేనేళ్లు దాటిన వాహనాలకు 2022 నుండి ఆ రుసుము గణనీయంగా పెరిగింది. ఈ ఖర్చులన్నీ స్థానిక కార్యాలయంలో విచారించి, లారీ ధరకు కలిపి చూచుకొనాలి.

‘మా తోటలోనే తిప్పుతాము, రిజిస్ట్రేషన్ దేనికి?’ అనేవారు ఉన్నారు. తోటకూ ఇంటికీ నడుమ అడ్డువచ్చే ఊరిబాట పబ్లిక్ రోడ్డే. బీమా లేని లారీ అక్కడ ఒక మనిషిని తాకితే పరిహారమంతా యజమాని సొంత ఆస్తి నుండి చెల్లించవలసి వస్తుంది. ఎకరాల పొలం అమ్మినా తీరని అప్పు అది.

పరీక్షించే పద్ధతి

సైనిక లారీ తిరిగిన కిలోమీటర్లు తక్కువగా ఉండవచ్చును. దానిని చూచి మోసపోరాదు. నిలిచిన చోటనే గంటల తరబడి ఇంజను నడిపిన లారీ ఉంటుంది. ఏళ్ల తరబడి కదలకుండా నిలిచినదీ ఉంటుంది. నిలిచిన లారీలో రబ్బరు సీళ్లు ఎండి పగులుతాయి, డీజిలు టాంకు లోపల తుప్పు పడుతుంది, బ్రేకు గొట్టాలలో తేమ చేరుతుంది.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే పరీక్షకు వెళ్లాలి. ముందుగా వేడిచేసి ఉంచిన ఇంజను తన లోపాలను దాచుకొంటుంది. ఆయిలు కడ్డీ తీసి చూచినప్పుడు నూనె పాలకలిపిన కాఫీ రంగులో ఉంటే నీరు కలిసిందని అర్థం. రేడియేటరు మూత తీసినప్పుడు నీటిపై నూనె తెట్టు ఉండరాదు. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తెరిస్తే పొగ ఉధృతంగా వెలువడితే పిస్టన్ రింగులు అరిగినవి. అంటే బోరు పని తప్పదు. నీలిపొగ నూనె కాలుతున్నదనీ, వదలని నల్లపొగ నాజిళ్లలోనో, పంపులోనో, గాలి అందడంలోనో లోపమున్నదనీ తెలుపుతాయి.

డిపోలో పెక్కు లారీలు బ్యాటరీ లేకుండా ఉంటాయి. ఇంజను నడిపి చూచే వీలుండదు. అప్పుడు కంటికి కనిపించేవానినైనా లెక్కించాలి. నాజిళ్లు, ఇంధన పంపు, సెల్ఫ్ మోటారు, డైనమో, రేడియేటరు, స్టెప్నీ ఉన్నవో లేవో ఒక్కొక్కటిగా వ్రాసుకొనాలి. విడిభాగాల కోసం విప్పివేసిన లారీ బయటికి నిండుగానే కనిపిస్తుంది.

తరువాత లారీ కిందికి దూరి చూడాలి. కమాను కట్టలు చాసిస్‌కు తగిలే చోట పగుళ్లు, అతికిన వెల్డింగు గుర్తులు ఉన్నవేమో గమనించాలి. ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు ఇరుసుల హౌసింగులు, ముందు చక్రాల లోపలివైపు నూనె కారిన జాడలు వెదకాలి. ప్రొపెల్లర్ షాఫ్టును చేతితో అటూ ఇటూ తిప్పితే క్రాసులలో వదులు తెలుస్తుంది. వెనుక డిఫరెన్షియల్ మీద తెల్లరంగు, దానిపై పడే చిన్నదీపం కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. చీకటిలో వరుసగా సాగే సైనిక వాహనాలకు ముందరి లారీని గుర్తుపట్టడానికి చేసిన ఏర్పాటు అది.

టైర్ల అరుగుదలతో పాటు వయస్సునూ చూడాలి. టైరు పక్కభాగంలో నాలుగంకెల సంఖ్య ఉంటుంది. మొదటి రెండంకెలు వారాన్ని, చివరి రెండంకెలు సంవత్సరాన్ని తెలుపుతాయి. ‘2314’ అంటే 2014వ సంవత్సరపు 23వ వారంలో తయారైనది. పూలు చెడకున్నా పక్కలు పగిలిన టైరు బరువు మోయడానికి పనికిరాదు.

నాలుగు చక్రాల రహస్యం

ఈ లారీలను పాడుచేసే అజ్ఞానాలలో మొదటిది, ముందు ఇరుసును ఎప్పుడూ కలిపి ఉంచడం. అవసరమైనప్పుడు మాత్రమే ముందు ఇరుసును కలిపే ఏర్పాటు గల లారీలో, మీట వేయగానే ముందు వెనుక షాఫ్టులు రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. అయితే మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరుగవలసి ఉంటుంది. బురదలో చక్రం కాస్త జారి ఆ తేడాను సరిచేసుకొంటుంది. తారురోడ్డు మీద జారలేదు. అప్పుడు ఆ తేడా అంతా తాడుకు పడే మెలివలె షాఫ్టులలో, గేర్లలో పేరుకొంటుంది. స్టీరింగు బరువెక్కుతుంది, టైర్లు కరిగినట్లు అరుగుతాయి, చివరకు క్రాసు గానీ గేరు గానీ విరుగుతుంది.

కనుక నియమం సులభమైనది. బురద, ఇసుక, వదులునేల వచ్చినప్పుడు, దిగబడక ముందే మీట వేయాలి. గట్టినేల రాగానే తీయాలి. ఇదే కారణంగా అన్ని చక్రాలకూ ఒకే కొలత, ఇంచుమించు ఒకే అరుగుదల గల టైర్లు ఉండాలి. ముందు కొత్తవి, వెనుక పాతవి వేయడం పొదుపు కాదు.

దినచర్య

బ్రిటిష్ సైనిక సంప్రదాయంలో వాహనానికి రోజుకు మూడుమార్లు పరీక్ష ఉంటుంది. బయలుదేరక ముందు ఒకటి, దారిలో ఆగినప్పుడు ఒకటి, పని ముగిసిన తరువాత ఒకటి. ఈ అలవాటును పౌర యజమాని అనుసరిస్తే చాలు, సగం మరమ్మతులు తప్పుతాయి.

ఉదయం ఇంజను నూనె, రేడియేటరు నీరు, చక్రాల నట్లు, టైర్ల గాలి, దీపాలు చూడాలి. దారిలో ఆగినప్పుడు చక్రపు మధ్యభాగానికి చేయి దగ్గరగా పెట్టి వేడిని గమనించాలి. మిగతావాటికంటే ఒకటి అధికంగా వేడెక్కితే బేరింగో, పట్టుకొనిన బ్రేకో కారణం. సాయంకాలం ఎయిర్ టాంకు కింది కవాటం తెరచి లోపల చేరిన నీటిని వదలాలి. ఆ నీరు బ్రేకు కవాటాలను తుప్పుపట్టిస్తుంది.

ఎయిర్ బ్రేకును పరీక్షించడం కష్టం కాదు. గాలి పూర్తిగా నిండిన తరువాత సమతల నేలపై చక్రాలకు అడ్డుదిమ్మెలు పెట్టి, ఇంజను ఆపి, బ్రేకు తొక్కిపట్టి గడియారం వంక చూడాలి. ముల్లు దిగుతూనే ఉంటే ఎక్కడో గాలి పోతున్నది. ఆ లారీని లోయలున్న దారికి తీసుకొని పోరాదు.

వాగు దాటిన రోజున ఇరుసుల నూనె చూడడం తప్పనిసరి. నీరు చొరబడితే నూనె తెల్లబారుతుంది, వెంటనే మార్చాలి. ఇరుసు పైన ఉండే చిన్న గాలిరంధ్రపు గొట్టం మట్టితో మూసుకొనిపోతే, లోపలి వేడిగాలి సీళ్లను తోసివేస్తుంది. దానిని శుభ్రంగా ఉంచాలి. క్వారీ దుమ్ములో తిరిగే లారీకి ఎయిర్ క్లీనరే ప్రాణం. నూనెతొట్టి రకం అయితే అడుగున చేరిన బురదను తీసి, గుర్తు వరకు మాత్రమే కొత్తనూనె పోయాలి. డీజిలు ఫిల్టరు కింది నీటిని తరచుగా వదలాలి. కొన్న వెంటనే ఇంజను, గేరుపెట్టె, ట్రాన్స్‌ఫర్ కేసు, ఇరుసుల నూనెలన్నీ ఒకేసారి మార్చి, ఆ తేదీని పుస్తకంలో వ్రాసుకొనడం మంచిది.

దీపాలు, సెల్ఫ్ మోటారు 24 వోల్టుల విద్యుత్తుతో పనిచేస్తాయి. అందుకై రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలుపుతారు. హారను కోసమో, పాటల పెట్టె కోసమో ఒక్క బ్యాటరీ నుండే తీగ లాగితే అది త్వరగా చచ్చి రెండవదానినీ చెరుపుతుంది.

చక్రపు రింగు విషయంలో ఏమరుపాటు ప్రాణాంతకం. ట్యూబు టైరును పట్టి ఉంచే ఇనుపరింగు సరిగా కూర్చోకపోతే, గాలి నింపుతుండగా తుపాకిగుండువలె ఎగిరివస్తుంది. చక్రం విప్పక ముందు గాలి పూర్తిగా తీయాలి. నింపేటప్పుడు ఇనుపపంజరంలో పెట్టిగాని, గొలుసులు చుట్టిగాని నింపాలి. ఎవరూ రింగుకు ఎదురుగా నిలువరాదు.

లాభనష్టాలు

విడిభాగాల మాట వస్తే, స్టాలియన్‌కు, టాటాకు అవి కొంత సులభం. పౌర లారీలతో ఉమ్మడిగా ఉండేవి పలు ఉన్నవి. శక్తిమాన్ భాగాలకు చెన్నైలోని పుదుపేట వంటి పాతసామానుల అంగళ్లలో వెదకాలి. వెదికే ఓపిక, నిలవ ఉంచుకొనే చోటు ఉన్నవారే దానిని పోషించగలరు.

ఇంధనం సంగతి లెక్కవేసి చూడాలి. సాధారణ లారీ లీటరుకు అయిదు కిలోమీటర్లు, సైనిక లారీ మూడు కిలోమీటర్లు ఇస్తున్నదనుకొందాం. రోజుకు అరవై కిలోమీటర్లకు మొదటిది 12 లీటర్లు, రెండవది 20 లీటర్లు తాగుతుంది. తేడా 8 లీటర్లు. ఏడాదికి 250 రోజులు తిరిగితే 2,000 లీటర్లు. ఏటా బురదదారి కష్టం ఇరవై రోజులే అయితే, ఆ ఇరవై రోజులకు ట్రాక్టరు అద్దెకు తీసుకొనడమే లాభం. ఏడాదిలో సగం రోజులు వాగులు, మెట్టలు దాటవలసినవారికి మాత్రం ఈ లారీ సార్థకమైనది.

సైన్యంలో ఆ లారీకి ఒక డ్రైవరు, ఒక వర్క్‌షాపు, ఒక విడిభాగాల గిడ్డంగి అండగా ఉండేవి. అక్కడ అది చేసిన సేవ వెనుక ఆ ఏర్పాటంతా ఉన్నది. రైతు ఇంటికి వచ్చిన తరువాత ఆ మూడు బాధ్యతలూ అతనివే. పాటలో ధర పలికే ముందు ఆ మూడింటినీ మోయగలడా అన్నది అతడు తనను తాను ప్రశ్నించుకొనాలి. మోయగలిగినవానికి సైన్యం విడిచిన లారీ చిరకాలం తోడుంటుంది.